అద్దాలింటి తలుపుకు సిరిసిల్ల ముడి

“తలుపొస్తలే, శ్రీహరీ!”

భవ్యశ్రీ రెండు చేతులతో గుంజింది. అద్దాల తలుపు అంగుళం కదిలి ఆగిపోయింది. బయట గొళ్ళేనికి ఎవరో ఎర్ర నూలు చుట్టి గట్టిగా ముడేశారు.

పట్నంలో రాజుల కాలంనాటి జూ, దాన్ని ఆనుకుని పూలతోట. వాటిని చూడ్డానికి సిరిసిల్ల నుంచి వాడకట్టంతా బస్సు మాట్లాడుకుని వచ్చింది. అందరూ ఏనుగుల వైపు వెళ్ళారు. పూలు చూద్దామని భవ్యశ్రీ అద్దాలింట్లోకి వచ్చింది. సాంచలు, అదే మరమగ్గాలు, రిపేరు చేసే శ్రీహరి ఆమె వెనకే వచ్చాడు. ఇప్పుడు ఇద్దరూ బందీలు.

రేపే ఆమెకు మేనత్త కొడుకుతో వరపూజ!

“నువ్వే కట్టించినవా?” కళ్ళెర్రజేసింది.

“గంత తెలివే ఉంటే రెండేండ్ల సంది నీ ఎన్క బండేసుకొని తిరుగుతనా?”

“ఎందుకు తిరిగినవ్?”

“పెట్రోల్ ఎక్కువై.”

ఆమె నవ్వు ఆపుకుంటుండగా పైన పైపుల్లోంచి మొక్కలకు వదిలే జల్లు మొదలైంది. ఇద్దరూ ఒకే అరటాకు కిందికి దూరారు. ఆమె కనురెప్ప మీద నీటిచుక్క నిలిచింది. దాన్నే చూస్తూ అతను గబుక్కున అనేశాడు.

“రేపు గా పీట మీద కూసోకు భవ్యా. నన్ను చేసుకో.”

ఆమె గిర్రున అతని వైపు తిరిగింది.

“గీ ముక్క చెప్పనీకి అరటాకు కావాల్నా? ఇంటికాడ చెప్పరాదా?”

దబదబా అద్దాల మీద దెబ్బలు! బయట తోట వాచ్‌మన్, మేనత్త రాజక్క, భవ్యశ్రీ తండ్రి సిద్దిరాములు. అందరికంటే బాపు గొంతే పెద్దగా ఉంది.

“ఎవడ్రా గీ పని చేసింది? దొరికితే తోలు తీస్త!”

వాచ్‌మన్ కత్తితో నూలు కోశాడు. తలుపు తెరుచుకుంది. ముడి జారి భవ్యశ్రీ అరచేతిలో పడింది.

సాంచ మీద తెగిన పోగులు అతికి పెరిగిన పిల్ల. ముడి చూస్తే వేసిన చెయ్యి తెలుస్తుంది. ఇది తిరగబడ్డ ముడి. ఎడమచేతి ముడి. వాడకట్టు మొత్తంలో ఎడమచేత్తో పోగు అతికేది ఒక్కరే.

ఆమె ముడిని పిడికిట్లో దాచుకుంది.

ఎడమచేత్తో తల తుడిచే సాకుతో సిద్దిరాములు ఆమె చెవి దగ్గరికి వంగాడు. “మా అక్క మాట నేను కాదనలేను బిడ్డా. నువ్వన్న నోరు తెరుస్తవనుకున్న.”

“గుసగుసలేంది?” రాజక్క కొంగు దోపింది. “పోరిని లోపలేసి కట్టిన గా దొంగెవడు? పేరు చెప్పు, వాని సంగతి నేను జూస్త!”

భవ్యశ్రీ అందరి ముందూ శ్రీహరి చెయ్యి పట్టుకుంది.

“అత్తా, రేపు నేను పీట మీద కూసోను. శ్రీహరినే చేసుకుంట. ఇగ దొంగంటవా...”

ఆమె వేలు తిన్నగా లేచింది.

“నీ తమ్ముడే అత్తా! మా బాపు!”