అతికించిన కప్పు

సవానా ఊళ్ళో దెయ్యాల కథలు చెప్పి బతికేవాళ్ళు ముప్పైమందికి తక్కువ ఉండరు. వాళ్ళందరిలోకీ హాలిస్ బ్రాంట్లీకే నోటి ధాటి ఎక్కువ. సాయంత్రం ఆరయ్యేసరికి నల్ల కోటు తొడుక్కుని, లాంతరు పట్టుకుని, ట్రెడ్‌వెల్ స్క్వేర్‌లో ఓక్ చెట్ల కింద నిలబడేవాడు. కర్నల్ ట్రెడ్‌వెల్ ప్రేతం గుర్రమెక్కి వస్తుందని చెబితే టూరిస్టులు కెవ్వుమని అరిచి, ఆ వెంటనే నవ్వుకునేవాళ్ళు. అతనికి మాత్రం దెయ్యాలమీద రవంత నమ్మకం లేదు. మిఠాయిలమ్మేవాడికి మిఠాయిమీద మోజుంటుందా మరి!

ఆ నవంబరులో ఊరు రెండుగా చీలిపోయింది. కర్నల్ ట్రెడ్‌వెల్ మనుషుల్ని కొని, అమ్మి బాగుపడ్డవాడు. స్క్వేర్‌కి ఆ పేరు తీసెయ్యాలని కొందరు, తీస్తే చరిత్ర చెరిగిపోతుందని కొందరు. తీసెయ్యాలన్నవాళ్ళకి పెద్ద దిక్కు యూలా బెయిలీ. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, నలభై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పిన టీచరు, బానిసలుగా ఈ తీరాన దిగిన గీచీ జనం వంశంలోది. తమవాళ్ళ సమాధులు ఆ స్క్వేర్ కిందే ఉన్నాయని ఆవిడ వాదన. అదే నిజమని తేలితే పేరు మారడంతో ఆగదు. అక్కడ లాంతరు పట్టుకుని వేషాలు వేయడం కూడా బందవుతుంది.

హాలిస్ బతుకంతా ఆ స్క్వేర్‌లోనే ఉంది. భార్య పోయి ఆరేళ్ళయింది. పదహారేళ్ళ కూతురు టెస్సాని ఆ కథలమీదే పెంచుకొస్తున్నాడు. ఆ పిల్ల తప్ప అతనికి లోకంలో ఇంకెవరూ లేరు.

మధ్యాహ్నం రెండింటికి నగర సభలో విచారణ మొదలైంది.

"ఇవాళ స్క్వేర్ పేరు మార్చమంటారు. రేపు మా కుక్క పేరు కూడా మార్చమంటారా?" అన్నాడు హాలిస్ మైకు ముందు నిలబడి. వెనక బెంచీలు గొల్లుమన్నాయి.

"మీ కుక్కకి నువ్వు ముద్దుగానే పేరు పెట్టుంటావులే బాబూ," అంది యూలా కూర్చున్నచోటు నుంచే. "కర్నల్ తన వంటమనిషికి తన పడవ పేరు పెట్టాడు. ఆవిడ అసలు పేరేమిటో ఏ కాగితంలోనూ లేదు. పదకొండేళ్ళ కూతుర్ని వేరే ఊరికి అమ్మేశారని మాత్రం రాసుంది. ఆ పిల్ల పేరు కూడా లేదు. ఏడాది తిరక్కుండా తల్లి పోయింది. ఆ చెట్ల కిందే ఎక్కడో ఉంది."

నవ్వులు ఆగిపోయాయి. హాలిస్ వెంటనే తన పెట్టె తెరిచాడు. పెట్టెలోంచి నీలం అంచున్న తెల్లటి కప్పు తీసి అందరికీ కనబడేలా పైకెత్తాడు.

"వేసవిలో స్క్వేర్‌లో నా దెయ్యాల కథల బోర్డు పాతడానికి గుంట తీస్తుంటే ఇది దొరికింది. మీ ఆచారం నాకూ తెలుసు మిస్ యూలా. పోయినవాళ్ళు చివరగా వాడిన సామాన్లు సమాధిమీద పెడతారు. పగలగొట్టి మరీ పెడతారు. దీనికి పెచ్చయినా ఊడలేదు, చూడండి. ఎవరింట్లోనో పారేసిన కప్పు, అంతే. అక్కడ సమాధీ లేదు, ఏమీ లేదు."

యూలా కర్ర ఊతంతో వచ్చి కప్పుకేసి చాలాసేపు చూసింది.

"దొరికినప్పుడు ఇలాగే ఉందా?"

"ఇలాగే ఉంది."

"ఒట్టు?"

"బైబిల్ మీద ఒట్టు."

పచ్చి అబద్ధం. అది నాలుగు ముక్కలుగా దొరికింది. తెల్లటి గవ్వలు వరసగా పేర్చి ఉంటే, వాటి మధ్యలో ఉంది. చూడగానే అది సమాధేనని హాలిస్‌కి తెలిసిపోయింది. గవ్వల్ని మళ్ళీ పూడ్చేసి, ముక్కలు ఇంటికి తెచ్చాడు. జిగురు ఆరేదాకా వాటిని కదలకుండా పట్టుకున్నది టెస్సా. అతుకులమీద రంగు పూసింది మాత్రం హాలిస్. "నాన్నా, అది పగిలే దొరికింది కదా..." అని ఆ ఉదయం టెస్సా అనబోతే, "నీ చదువు కోసమే" అని నోరు మూయించాడు.

ఓట్లు లెక్కపెట్టారు. పేరు మారదన్నారు. చప్పట్ల మధ్య హాలిస్ బయటికి వస్తుంటే, మెట్లమీద యూలా ఎదురైంది.

"మేం ఎందుకు పగలగొడతామో తెలుసా నీకు?"

"గొలుసు తెంచడానికి. పోయినవాళ్ళు బతికున్నవాళ్ళ వెంటపడకుండా. రోజూ చెబుతూనే ఉంటాగా!"

"చెబుతావు," అంది యూలా. తల అడ్డంగా ఊపి మెట్లు దిగిపోయింది.

అయిదున్నరకే చీకటి పడింది. టూరిస్టులు రావడానికి ఇంకా అరగంట ఉందని హాలిస్ స్క్వేర్‌లోకి వెళ్ళి, లాంతరూ కప్పున్న పెట్టే పక్కన పెట్టుకుని బల్లమీద కూర్చున్నాడు. గెలిచిన సంతోషంలో ఈల వేసుకుంటున్నాడు. కాసేపటికి ఆ ఈల తనకే గట్టిగా వినబడసాగింది. చుట్టూ రోడ్లమీద కార్లు తిరుగుతూనే ఉన్నాయి, వాటి చప్పుడు మాత్రం లోపలికి రావడం లేదు. కొమ్మలనుంచి వేలాడే బూడిదరంగు నాచు కదలడం లేదు. ఎక్కడినుంచో వాసన వస్తోంది. కట్టెల పొగ, కాగిన పందికొవ్వు, తడిమట్టి. ఎవరో వంట చేస్తున్న వాసన.

ఫోను మోగింది. టెస్సా.

"నాన్నా... ఇంటికొచ్చావా?" గుసగుసగా అడిగింది.

"లేదమ్మా, స్క్వేర్‌లో ఉన్నాను."

"మరి... వంటింట్లో ఎవరు?"

హాలిస్ లేచి నిలబడ్డాడు. "తలుపు తీసుకుని బయటికి వచ్చెయ్. ఇప్పుడే!"

"నా కళ్ళజోడు కనబడ్డం లేదు... దువ్వెన కూడా... ఇక్కడే పెట్టాను..." కాసేపు ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత ఆ పిల్ల గొంతులో భయం పోయింది. "ఆవిడ పాడుతోంది నాన్నా. ఎంత బాగా పాడుతోందో..."

ఫోను తెగిపోయింది.

అతను లాంతరు ఎత్తి పరుగెత్తబోయి ఆగిపోయాడు. తన బోర్డు కింద మట్టిమీద తెల్లటి గవ్వలు. వరసగా. ఆ వరస పక్కనే టెస్సా కళ్ళజోడు. టెస్సా దువ్వెన, దాని పళ్ళలో రాగిరంగు వెంట్రుకలు. టెస్సా కాఫీ కప్పు. అందులోంచి ఇంకా ఆవిరి వస్తోంది.

గొలుసు తెంచాలి. అతని బుర్రలో ఆ ఒక్క మాటే తిరిగింది. రోజూ ఆరు గంటలకి చెప్పే మాట. పెట్టెలోంచి పాత కప్పు తీసి ఇటుకల గట్టుకేసి కొట్టాడు. పగల్లేదు. రాయి తీసి మోదాడు. రాయి చిట్లింది... కప్పు చెక్కుచెదరలేదు. చేతిలో అది వెచ్చగా ఉంది. జ్వరమొచ్చిన నుదురంత వెచ్చగా.

దాన్ని విసిరేసి కూతురి సామాన్ల మీద పడ్డాడు. కళ్ళజోడుని మడమతో తొక్కాడు. దువ్వెన విరిచాడు. కాఫీ కప్పు గట్టుకేసి కొట్టాడు. అన్నీ ఇట్టే పగిలాయి... మరీ ఇట్టే పగిలాయి. చివరి ముక్క నేలమీద పడగానే పొగ వాసన పోయింది. కార్ల చప్పుడు తిరిగొచ్చింది. హాలిస్ మోకాళ్ళమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు, బతికిపోయామనే సంతోషంతో.

"ఏం చేశావు?"

నీళ్ళ సీసా పట్టుకుని యూలా నిలబడి ఉంది. కూతుర్ని పోగొట్టుకున్న ఆ వంటమనిషి పేర నేలమీద నీళ్ళు పోసి, జరిగినదానికి క్షమాపణ చెప్పుకుందామని వచ్చిందావిడ. లాంతరు వెలుగులో ముక్కల్ని చూసింది.

"గొలుసు తెంచాను మిస్ యూలా. అబద్ధం చెప్పాను, ఒప్పుకుంటున్నాను. ఆ వంటమనిషి మా అమ్మాయిని పట్టుకోబోయింది, తెంచేశాను."

"ఇవెవరివి?"

"మా టెస్సావి."

యూలా సీసా కింద పెట్టేసింది. "బతికున్న పిల్లవా? ఓరి నాయనా... పోయినవాళ్ళవి రా పగలగొట్టేది! ఇక వీళ్ళకీ మాకూ సంబంధం లేదని చెప్పడానికి పగలగొడతాం. ఆవిడ నీ కూతురి సామాన్లు తెచ్చి పెట్టిందంతే. పగలగొట్టింది నువ్వు. నీ బిడ్డని నీ చేతులతో నువ్వే తెంచుకున్నావు."

అతను పరుగెత్తాడు. ఏడు వీధులు ఎలా దాటాడో అతనికే తెలియదు. వంటింట్లో దీపం వెలుగుతోంది. తాళంచెవి తిరిగింది కానీ లోపల గొలుసు వేసి ఉంది. తలుపు బాదాడు. అడుగుల చప్పుడు... తలుపు బెత్తెడు తెరుచుకుంది.

టెస్సా. ఒంటిమీద చిన్న గీత కూడా లేదు. బుగ్గలు ఎర్రగా, నిండుగా ఉన్నాయి. ఆరేళ్ళలో ఆ పిల్ల మొహంలో అంత నెమ్మది అతను చూడలేదు.

"ఎవరు కావాలండీ?" అంది.

"టెస్సా! నేనమ్మా... మీ నాన్నని..."

"ఆ పేరుగలవాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ లేరండీ," అంది ఎంతో మర్యాదగా.

లోపలినుంచి ఒక ఆడగొంతు ఎవరినో పిలిచింది. ఒక పేరు. హాలిస్ స్పష్టంగా విన్నాడు. కానీ చెవిలో పడీపడగానే అది జారిపోయింది. మళ్ళీ అందామని నోరు తెరిస్తే ఒక్క అక్షరం కూడా గుర్తు రాలేదు.

"వస్తున్నానమ్మా!" అంటూ టెస్సా తలుపు మూసేసింది.

అతను పూలమొక్కలు తొక్కుకుంటూ వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అద్దం మీద రెండు చేతులతో బాదాడు, అరిచాడు. టెస్సా ఇటు తిరగలేదు. పొయ్యి ముందు చిన్న పీటమీద కూర్చుని, కళ్ళు మూసుకుని, తల కాస్త వెనక్కి వాల్చింది. ఆమె వెనక ఎవరూ లేరు. రాగిరంగు జుట్టు మధ్య పాపిడి దానంతటదే విడిపోయింది. మూడు పాయలు ఒకదానిమీద ఒకటి పడుతూ, మెల్లగా, బిగువుగా, కొసదాకా అల్లుకున్నాయి. అది పూర్తయ్యాక రెండో జడ మొదలైంది.