నూకరత్నం అచ్చు

మొదటి డబ్బా లేచి గొంతు సవరించుకుంది. "మా పిల్ల బడి నుంచొచ్చిందేటి?"

"వస్తంది, దారిలో ఉందని సెప్పమ్మా," అన్నాడు పోలినాయుడు టీ ఊదుకుంటూ. పనిలో కొత్తగా చేరిన సత్యవేణి అలాగే చెప్పింది. డబ్బా కుదుటపడి, రేవు బయట ఆగిన ఓడలకు దారి చెప్పడం మొదలుపెట్టింది.

కొత్తవాళ్లకు పని నేర్పడంలో నాయుడికి విసుగన్నది లేదు. మనిషి మనసునూ గొంతునూ దించుకున్న అచ్చు ఒక్కటే, దాని నుంచి ఎన్ని డబ్బాలైనా లేపుకోవచ్చు. సాయంత్రం ఆపి తుడిచెయ్యాలి. తుడిస్తే డబ్బా విన్నదంతా పోతుంది, అచ్చు మాత్రం చెక్కుచెదరదు. మర్నాడు మళ్లీ అదే గొంతు, అదే ప్రశ్న. ఈ అచ్చు ఒకప్పుడు ఇదే రేవులో ఓడలకు దారి చూపిన నూకరత్నానిది. ఆమె పనిలో ఉండగా తీశారు. ఆ సాయంత్రమే క్రేన్ కూలి ఆమె పోయింది.

"వచ్చీసిందని మాత్రం అనకు. పనొదిలేసి ఇంటికెళ్తానంటాది," అన్నాడు నాయుడు. "గుర్తులు దాసే సంచీ కూడా డబ్బాకి కట్టకు. కడితే, ఇన్నది తుడిసినా పోదు. రేపు లేసే డబ్బాలన్నిటికీ గుర్తుంటాది."

సత్యవేణి తలూపింది. రోజంతా ఒక్కో డబ్బానే లేపింది. ప్రతిదీ అదే అడిగింది. ప్రతిసారీ ఆమె దారిలో ఉందనే చెప్పింది. క్రేన్ కూలిన రోజు బడి నుంచి వచ్చి, తాళం వేసిన తలుపు ముందు చీకటి పడేదాకా కూర్చున్న పిల్ల తనే. ఈ గొంతు కోసమే ఈ ఉద్యోగంలో చేరింది. ఆ సంగతి నాయుడికి తెలియదు.

సాయంత్రం నాయుడు చెప్పులేసుకుని వెళ్లిపోయాక, అన్నీ తుడిచి ఒక్క డబ్బాను మిగుల్చుకుంది. దానికి సంచీ కట్టింది.

"అమ్మా, నేను వచ్చేశాను. ఇంటికి తాళం వేసుంది. గడప మీద కూర్చున్నాను."

డబ్బా ఎంతకీ మాట్లాడలేదు. సత్యవేణికి భయం వేసింది. ఏడుస్తూనే దాన్నీ తుడిచేసింది.

మర్నాడు నాయుడు డబ్బాలన్నిటినీ ఒక్కసారే లేపాడు. ఒక్కటీ ఏమీ అడగలేదు.

"వస్తంది, దారిలో ఉంది," అన్నాడతను అలవాటు కొద్దీ. బయట ఓడలు దారి కోసం ఒకదాని వెంట ఒకటి కూతలు పెడుతున్నాయి. నాయుడు మెల్లగా సత్యవేణి వంక తిరిగాడు.

అప్పుడు అన్ని డబ్బాల్లోంచీ ఒకే గొంతు వినిపించింది.

"చలిలో కూకోకమ్మా. తాళంచెవి నా కాడే ఉంది. వచ్చెస్తన్నాను."