ఎడమ చేతి ముద్ద

కాలిఫోర్నియా శాన్ రామన్‌లోని ఆ ఇంట్లో ఆ ఉదయం కూడా పెరుగన్నం గిన్నె ముట్టకుండానే వంటింట్లోకి తిరిగొచ్చింది. పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయినప్పటి నుంచి వసుమతికి అన్నమంటే పడటం లేదు. ఎవరు తినిపించబోయినా పళ్లు బిగించేస్తుంది. ప్రొటీన్ డ్రింక్ మాత్రం కాస్త తాగుతుంది.

"ఇంకా వెయిట్ తగ్గితే ట్యూబ్ వేస్తామంటున్నారు డాక్టర్," విసుగ్గా అన్నాడు కొడుకు శశికాంత్. "నువ్వేమో రోజంతా అమ్మని జపనీస్ డ్రామాల ముందు కూర్చోబెడుతున్నావ్. ఆ సబ్‌టైటిల్స్ నీకైనా అర్థమవుతాయా?"

భార్య ఇంద్రజ మొహం చిన్నబోయింది. ఇంటర్ మధ్యలో మాన్పించి పెళ్లి చేశారు ఆమెకి.

"అక్షరాలు అందవండీ. మనుషులు అందుతారు."

"అయితే నువ్వే తినిపించు, చూద్దాం!" తలుపు ధడాలున వేసి ఆఫీస్‌కి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం టీవీలో ఒక పెద్దాయన. ఆయనకీ కుడివైపు పడిపోయింది. సేవ చేసే అమ్మాయి ఆయనకి తినిపించలేదు. ఎదురుగా కూర్చుని, తాను అన్నం తినే పుల్లల్ని కూడా ఎడమ చేతికి మార్చుకుంది. ఇద్దరి మెతుకులూ బల్లమీద రాలాయి. ఇద్దరూ ఫక్కున నవ్వారు.

ఇంద్రజ అత్తగారి వైపు తిరిగింది. వసుమతి రెప్ప వేయడం లేదు. ఆమె ఎడమ చెయ్యి ఎప్పటిలాగే కొంగు కింద దాక్కుని ఉంది.

ఇంద్రజకి ఒక్కసారిగా తట్టింది. 'ఇన్నాళ్లూ ఇది మొండితనమనుకున్నానా! సిగ్గుతో కడుపు మాడ్చుకుంటోందా ఈవిడ!'

రెండు గిన్నెల్లో పెరుగన్నం కలిపి తెచ్చి, అత్తగారి ముందు కార్పెట్ మీద కూర్చుంది. ఎడమ చేత్తో ముద్ద ఎత్తింది. పెరుగు మోచేతి దాకా కారింది.

"ఛీ ఛీ, ఎడం చేత్తోనా! ఎవరన్నా చూస్తే?"

"చూడనివ్వండి అత్తయ్యా. మీ కుడి చెయ్యి లేచేదాకా నాకూ ఇదే చెయ్యి."

ఇంద్రజ కూతురు చిన్నారి అవని గబగబా వచ్చి తల్లి గిన్నెలో తన ఎడమ చెయ్యి ముంచేసింది. వసుమతి కొంగు మెల్లగా కదిలింది. లోపలి నుంచి చెయ్యి బయటికి వచ్చింది, తడబడింది, అన్నాన్ని తాకింది. మొదటి ముద్ద నోటికి చేరేవరకూ ఇంద్రజ గుడిలో హారతి చూస్తున్నట్టు అలా చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం శశికాంత్ వచ్చేసరికి ముగ్గురూ మళ్లీ కార్పెట్ మీదే ఎడమ చేత్తో తింటున్నారు. గుమ్మంలోనే ఆగిపోయాడు. బూట్లు విప్పి, చేతులు కడుక్కుని వచ్చి తల్లి పక్కన చతికిలబడ్డాడు. కుడి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇంద్రూ, నాకూ కాస్త పెట్టు," అన్నాడు ఎడమ చెయ్యి చాపి.

వసుమతి కొడుకుని ఎగాదిగా చూసింది.

"చంటాడిలా కింద పొయ్యకుండా తినరా."