ఆ జాడీలో ఏముంది?

తెల్లారి ఆరు కొట్టేసరికి నెనితా రోటి ముందు కూర్చుంది. ఉప్పేసి పులియబెట్టిన రొయ్యపొట్టును మెత్తగా దంచి, ముద్దలు కట్టి ఇలోయిలో అనే ఊరి సంతలో అమ్ముతుంది. ఆ ముద్దల్ని అక్కడ గినామోస్ అంటారు. వీధి మలుపు తిరగ్గానే ఆ ఇల్లు ఏదో ముక్కే చెబుతుంది. కూతురు జాయ్‌లిన్‌కి ఆ వాసనంటే పరమ రోత.

"నానాయ్, అమ్మా, కాసేపు ఆపవా? నా యూనిఫాంకి ఆ కంపు పడుతోంది."

"కంపేంటే, ఇందాయ్, పిల్లా? మన కూడది," అంది తల్లి, రోకలి ఆపకుండానే.

జాయ్‌లిన్ మూతి తిప్పుకుని పక్కింటి తీగ మీద ఆరేసిన తెల్ల చొక్కా తెచ్చుకుంది. దాన్ని వేరే బకెట్లో, వేరే సబ్బుతో ఉతుకుతుంది. యూనివర్సిటీలో ఆమె చదివేది సోషల్ వర్క్, మూడో ఏడు. కష్టంలో ఉన్న కుటుంబాలకి ఆసరాగా నిలబడటం నేర్పే చదువు. పిల్లకి పుస్తకంలో ఉన్నదంతా కంఠతా వచ్చు. చూసొచ్చిన ఒక ఇంటి గురించి రాసిన నివేదికని ఆ రోజు తొమ్మిదింటికల్లా సంక్షేమ ఆఫీసులో ఇవ్వాలి. అక్కడివాళ్లు దాన్ని చూసే నిర్ణయం తీసుకుంటారు.

జడ వేసుకుంటుండగా రోకలి చప్పుడు ఆగిపోయింది.

నెనితా ముద్దల్ని అరిటాకులో చుట్టి, పైన పాత కాగితం చుడుతుంది. కూతురు పారేసిన చిత్తుకాగితాలన్నీ అందుకే దాస్తుంది. ఇప్పుడు ఆమె చేతిలో ఉన్నది అలాంటి కాగితమే. కళ్లద్దాలు ముక్కు మీదికి జారాయి. పైకే చదివింది.

"తల్లి, ముప్పై నాలుగేళ్లు, భర్త లేడు. ఉప్పు కొట్టాల వెనక ఒకే గది. గదిలో జాడీ నిండా కుళ్లిన చేపలు నిల్వ ఉన్నాయి. పిల్లలు ఆ దుర్వాసనలోనే తింటున్నారు. చిన్నపిల్లలిద్దర్నీ శరణాలయానికి తరలించడం మంచిది."

"అది చదవకూడదు! రహస్యంగా ఉంచాలి," అంటూ జాయ్‌లిన్ పరుగెత్తుకొచ్చింది.

"రహస్యమైతే గినామోస్ చుట్టే కాగితాల్లో పడేస్తావా? ఇది మెర్లీ ఇల్లు కదూ?"

జాయ్‌లిన్ కాగితం లాక్కోబోయింది. తల్లి వదల్లేదు.

"ఆ జాడీ నేనిచ్చిందే. ఎలా పెట్టాలో నేర్పింది కూడా నేనే. నాలుగు డబ్బులు కళ్లజూస్తుందని. ఇప్పుడు చెప్పు, ఆ జాడీలో ఏముంది?"

"నేను మూత తియ్యలేదు."

"నీకు మూత తియ్యాలా? ఈ వాసనలో పుట్టి పెరిగినదానివి!"

జాయ్‌లిన్ జడ కొసని వేలికి చుట్టుకుంది. "నాతో వచ్చిన అమ్మాయిలు ముక్కులు మూసుకున్నారు. ఇదేం కుళ్లు అన్నారు. గినామోస్ అని చెబితే, నీకెలా తెలుసంటారు కదా? అందుకే వాళ్లన్న మాటే రాశాను."

"మెర్లీ తినమని పిలిచిందా?"

"రండి, తిందాం అంది. తినే వచ్చామని చెప్పాం."

"ఛీ!" నెనితా ఆ కాగితాన్ని నేల మీదికి విసిరింది. "నేను చేపల పేగులు తీశాను, పురుగులు ఏరాను. ఏనాడూ నాకు కడుపులో తిప్పలేదు. ఇవాళ తిప్పుతోంది."

తల్లి తిట్టడం కొత్తేమీ కాదు. కానీ ఆ ముఖంలో అలాంటి అసహ్యాన్ని, అదీ తన మీద, జాయ్‌లిన్ ఎన్నడూ చూడలేదు.

నెనితా గొంతు దిగింది. "నీకు మూడేళ్లప్పుడు మనింటికీ ఇలాగే తెల్ల చొక్కా పిల్ల ఒకతె వచ్చింది. మీ నాన్న పోయిన ఏడు. నిన్ను తీసుకుపోతారని నేను వణికిపోతున్నాను. రా తిందాం అన్నాను. నేల మీద కూర్చుని, చేత్తో అన్నం, గినామోస్ తింది. ఆమె రాసింది ఆఫీసులో నాకు చదివి వినిపించారు. 'ఈ తల్లి చేతులు ఎంత కడిగినా వాసన పోదు. పాప ఆ చేతులు పట్టుకునే నిద్రపోతుంది. పాపని ఇక్కడి నుంచి తీసుకెళ్లొద్దు' అని."

జాయ్‌లిన్ తల్లి చేతుల వైపు చూసింది. గోళ్ల సందుల్లో ఊదారంగు ముద్ద ఎండిపోయి ఉంది. రోత వేసింది, కానీ ఆ చేతుల మీద కాదు. సంచిలోంచి నీటుగా కట్టిన నివేదిక తీసి అడ్డంగా చించేసింది. ఏడుపు ఆగలేదు.

"ఆలస్యమైతే మార్కులు పోతాయేమో," అంది తల్లి, మెత్తబడుతూ.

"పోనీ నానాయ్."

ఎనిమిదింటికి ఆమె ఉప్పు కొట్టాల వెనక నిలబడింది. తెల్ల చొక్కా చూడగానే మెర్లీ చిన్నవాళ్లిద్దర్నీ వెనక్కి లాక్కుంది. అయినా నోటికి అలవాటైన మాట వచ్చేసింది. "రా అమ్మాయ్, తిందాం."

జాయ్‌లిన్ చెప్పులు విప్పి నేల మీద కూర్చుంది. జాడీ మూత తీసి, వేలితో కొంచెం తీసి నాకి చూసింది.

"ఇంకో పిడికెడు ఉప్పు పడాలక్కా. మా అమ్మయితే వేస్తుంది."

మెర్లీ బిత్తరపోయి చూసింది. "మీ అమ్మెవరు?"

"నీకీ జాడీ ఇచ్చింది ఆవిడే."