సూపర్‌సోనిక్ జెట్‌కి రెక్కలుండవు

ఫిల్మ్‌నగర్ స్టూడియోలో రెక్కలు చాచి నిలబడ్డ విమానాన్ని చూసి వర్ణిక గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేంటండీ?"

"సూపర్‌సోనిక్ జెట్, మేడమ్. ల్యాబ్ నడుమ పెట్టమని మీరే రాసిచ్చిండ్రు గదా," అన్నాడు హనుమంతు, రంగు చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ.

వర్ణిక అణువుల మీద పరిశోధన చేస్తుంది. సినిమాలో సైంటిస్టు ల్యాబ్ ఎలా ఉండాలో చెప్పడానికి పిలిచారు. సెట్లు వేసే హనుమంతు ఆమె కాగితం చూసి, పదకొండు రోజులు కష్టపడి యుద్ధవిమానం కట్టేశాడు. జెట్ అన్న మాటకి అర్థం అడగాలని ఈయనగారికి తట్టలేదు, చెప్పాలని ఆవిడగారికీ తట్టలేదు.

"జెట్ అంటే గ్యాస్ ధార! సన్నటి రంధ్రంలోంచి, గాలి తీసేసిన పెట్టెలోకి ధ్వని కంటే వేగంగా దూసుకొస్తుంది. వస్తూనే మైనస్ రెండొందల అరవై డిగ్రీలకి చల్లబడిపోతుంది."

"జర మీరు గూడ సల్లబడుండ్రి, మేడమ్."

ఆమెకి నవ్వొచ్చింది. పక్కనే ఉన్న డైరెక్టర్‌కి రాలేదు.

"తప్పెవరిది?" అని అరిచాడాయన. నాది అనాల్సింది వర్ణిక. భయమేసి అనలేదు. అందరూ హనుమంతునే చూశారు.

గంటలో విమానం విప్పెయ్యమన్నారు. తొందరలో హనుమంతు నడుముకి తాడు కట్టుకోకుండానే పైకెక్కాడు. రెక్కతోపాటు కిందపడ్డాడు. కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది. ఇక కుంచె పట్టడం కష్టమేనన్నాడు డాక్టర్.

నాలుగోరోజు వర్ణిక వానలో తడుస్తూ షేక్‌పేటలో అతని గదికి వచ్చింది.

"తప్పు నాదేనని డైరెక్టర్‌కి చెప్పేశాను. నన్ను తీసేశారు."

"చెప్తే చెయ్యొస్తదా?"

"రాదు," అంది తల వంచుకుని.

హనుమంతు కాలితో పీటని ఆమె వైపు జరిపాడు.

"ఆ గ్యాస్‌ను గంత సల్లగ జేసి ఏం జూస్తరు?" అన్నాడు చివరికి.

"మామూలు వేడిలో అణువులు కుదురుగా ఉండవు. వాటి మీద ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేస్తే వాటి వర్ణపటంలో గీతలన్నీ కలిసిపోయి మసగ్గా కనిపిస్తాయి. చల్లబడితే ఏ గీతకా గీత విడిగా కనిపిస్తుంది."

హనుమంతు కట్టు వైపు చూసుకున్నాడు.

"నాలుగు దినాలు ఒళ్లంత మండింది. ఏం సమజ్ గాలె. ఇప్పుడు జర సల్లబడ్డ. మీ మీద కోపమున్నది. ఆ దినం మీరు నవ్వినప్పటి సంది ఇష్టం గూడ ఉన్నది, విడిగ. ఒకటుందని ఇంకోటి పోలె."

ఆమెకి ఏడుపాగలేదు. "నాకూ మీరంటే ఇష్టమే."

"ఇష్టమంటే మీ ల్యాబుల అర్థమేందో నాకు తెల్వది. ఈపారి ముందే అడుగుతున్న."

ఏడుస్తూనే నవ్వింది. "మీ షేక్‌పేటలో ఏ అర్థమో, అదే."

హనుమంతు అలవాటుగా కుడిచెయ్యి చాపబోయాడు. అది లేవలేదు. ఎడమచెయ్యి ఇచ్చాడు.