ఎడమ పెడల్

"ఇంకా ఊడలేదా?"

మెట్ల మీద నుంచి వచ్చిన ఆ ప్రశ్నకి అతను తల ఎత్తలేదు.

"బోల్టుకి తుప్పు పట్టింది. నీ నోటికి ఎప్పుడు పడుతుందో!"

పై వాటాలో అక్కతో కలిసి బట్టలు కుట్టే అమ్మాయి ఆమె. అతను 'సూది' అని పిలుస్తాడు, గుచ్చుతుంది గనక. కింది వాటాలో ఉండే అతను లిఫ్టులు బాగుచేస్తాడు. ఆ మేడకి లిఫ్టు లేదు. అందుకే ఆమె అతణ్ణి 'లిఫ్టు' అంటుంది, ఉన్నా లేనట్టే అని.

మెట్ల కింద ఒక పాత మౌంటెన్ బైక్. రంగు వేశాడు, చెయిన్ మార్చాడు, బ్రేకులు బిగించాడు. ఇక పెడళ్ళే మిగిలాయి. రెండూ వాటిని పట్టి ఉంచే క్రాంకు కడ్డీలకి అతుక్కుపోయాయి. ముందు ఎడమది పట్టాడు. క్రాంకు తిరగకుండా తాడుతో ఫ్రేముకి కట్టి, రోజూ సాయంత్రం బోల్టు మీద నూనె వేసి, పానా తగిలించి, పళ్ళు బిగించి నొక్కుతాడు. ఆమె మెట్టు మీద కూర్చుని గుండీలు కుడుతూ వెక్కిరిస్తుంది. బోల్టు కదలదు. ఇద్దరికీ పొద్దు గడిచిపోతుంది.

సైకిల్ ఎవరిదో తెలిసిన సాయంత్రం ఆ సుఖం పోయింది.

"హీరో! నా గుర్రం రెడీనా?"

గేటు తీసుకుని వచ్చిన అమ్మాయి పొడుగ్గా ఉంది. తల ఇంకా తడిగానే ఉంది. ఈత కొలనులో పిల్లలకి ఈత నేర్పుతుందట. వచ్చీ రాగానే రుమాలు తీసి అతని చెంప మీది గ్రీజు తుడిచింది. అతను కదలకుండా తుడిపించుకున్నాడు.

"ఆదివారం కొండ ఎక్కుతున్నాం. నీ సైకిలూ తెచ్చుకో. మాటిచ్చావు, గుర్తుందా?"

"సైకిల్ పని కానీ, చూద్దాం," అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వు మెట్టు మీద ఉన్న మనిషి వేలికి గుచ్చుకుంది. నిజంగానే, సూదితో సహా.

మర్నాడు అక్క ఒక చొక్కా పైకెత్తి చూపించింది. "ఏమిటే ఇది? జేబు తలకిందులుగా కుట్టావు!"

"చేప."

"ఏ చేప?"

"ఆ తడి తల చేప. ఆదివారం ఇద్దరూ కొండ ఎక్కుతారట."

"ఎక్కనీ. నీకెందుకు మంట?"

"నాకేం మంట! సైకిల్ తయారైతేగా ఎక్కేది."

అక్క కత్తెర ఆపి చెల్లెలి మొహం చూసింది. మళ్ళీ కత్తిరింపులో పడింది. కుళ్ళు వచ్చిన మనిషితో వాదిస్తే ఇంట్లో ఇంకో చొక్కా పాడవుతుంది.

మధ్యాహ్నం అతను పనికి వెళ్ళాక ఆమె చప్పుడు కాకుండా కిందికి దిగింది. పానా హాండిల్‌కి వేలాడే సంచిలోనే ఉంది. యంత్రాల గురించి ఆమెకి తెలిసింది ఒక్కటే. కుట్టుమిషను మరలన్నీ గడియారం ముల్లు తిరిగే వైపే బిగుస్తాయి. అలా తిప్పాలంటే పానా పిడి వెనక చక్రం వైపు ఉంచి కిందికి నొక్కాలి. చేతులతో కాలేదు. చెప్పు విడిచి పానా మీద కాలు పెట్టింది.

"కొండెక్కుతావా? ఎక్కు!" అని ఒక్క తొక్కు తొక్కింది.

కిర్రుమంది. ఇక ఏడుగురు వచ్చినా ఊడదనుకుంది. కడుపు నిండినట్టయి పైకి పోయింది.

సాయంత్రం చేప వచ్చింది. సూది కూడా మెట్టు మీద హాజరు. వేడుక వదులుకుంటుందా?

"ఏదీ, ఎంతవరకు వచ్చింది?" అంది చేప.

"మొండిది. కదలనంటోంది," అంటూ అతను ఊరికే పెడల్ పట్టుకుని తిప్పాడు. అది గిర్రున తిరిగి, ఊడి చేతిలోకి వచ్చేసింది.

అతని మొహంలో రక్తం లేదు.

"అదేంటి!" మెట్టు మీద నుంచి కేక వచ్చింది. "నేనంత గట్టిగా బిగించానుగా!"

అన్నాక నోరు మూసుకుంది. ఏం లాభం?

చేప ఆమె వైపు తిరిగింది. "ఎటు తిప్పావు?"

"... వెనక చక్రం వైపు పెట్టి తొక్కాను."

"ఎడమ పెడల్‌కి మర తిరగబడి ఉంటుందమ్మా. నువ్వు బిగించాననుకున్నావు. విప్పావు."

ఆమెకి ఏడుపు వచ్చింది. తన కాలితో తనే వాళ్ళని కొండెక్కించింది! ఇంతలో ఏదో తట్టింది. మెల్లగా లేచి అతని ముందుకి వచ్చింది.

"లిఫ్టూ. నువ్వు రోజూ పానా ముందు చక్రం వైపు పెట్టి నొక్కేవాడివి కదా?"

అతను ఊడిన పెడల్‌ని చూస్తున్నాడు.

"మర సంగతి నీకు తెలీదా?"

"తెలుసు."

"మరి?"

"మొదటి వారంలోనే కదిలింది. అప్పుడే నువ్వు వచ్చి, ఇంకా ఊడలేదా అని నవ్వావు. ఊడింది అంటే లేచి పైకి పోతావు. మళ్ళీ బిగించాను." పెడల్ మీది నూనె తుడిచాడు. "అప్పట్నించీ బిగిస్తూనే ఉన్నాను."

చేప ఇద్దర్నీ ఒకసారి చూసింది. తీయబోయిన రుమాలు మళ్ళీ జేబులో కుక్కుకుంది.

"మీ సరసానికి నా సైకిలే దొరికిందా? రేపటికల్లా పూర్తి చెయ్యి. కొండ నేనొక్కదాన్నే ఎక్కగలను." ఈసారి హీరో అనలేదు. వెళ్తూ గేటు గట్టిగా వేసింది. మంట ఎక్కడికీ పోలేదు, మనిషి మారిందంతే.

"కొండకి ఎందుకు ఒప్పుకున్నావు?" సూది ఇంకా వదల్లేదు.

"కాదనడం చేతకాక. సైకిల్ పని కానీ అన్నాను. కానిస్తేగా!"

"చెంప ఎందుకు తుడిపించుకున్నావు?"

"రెండు చేతులకీ గ్రీజే. ఎలా ఆపను?"

ఆమె కొంగు తీసి, గ్రీజు లేని చెంపనే గట్టిగా రుద్దింది. నొప్పి పుట్టేలా.

పై కిటికీ తెరుచుకుంది. "ఏమే! అతన్నీ పైకి తీసుకురా. చేతులు కడుక్కుని రమ్మను. కొలతలు తీసుకుంటాను. జేబు నిలువుగా ఉన్న చొక్కా ఒకటి కావాలిగా, పెళ్ళికొడుక్కి!"

ఆమె తల దించుకుంది. అతను పానా అందుకున్నాడు.

"వెళ్దాంలే. ఇంకా కుడి పెడల్ ఉంది."

"అది నిజంగానే బిగుసుకుందా?"

"నువ్వే తిప్పి చూడు," అని పానా ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె పానా తగిలించింది. ఎటు తిప్పాలో అడగలేదు. ఈసారి తెలిసే, బిగిసే వైపు తిప్పింది.