చలికి గడ్డకట్టని మందు

ప్రభుత్వాసుపత్రి గేటు ముందు డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌ని లారీ గుద్దేసి పోయింది. రోడ్డు మీద బ్రేకు వేసిన గుర్తే లేదు.

వెంటనే చీఫ్ నుంచి పిలుపు. సీక్రెట్ సర్వీస్‌లో అందరూ ‘పిల్లి’ అని పిలిచే ఏజెంట్ చప్పుడు లేకుండా గదిలోకొచ్చాడు.

“లారీ గుద్దిన మీ బావ కోమాలో ఉన్నాడు,” అన్నాడు చీఫ్. “సర్కారు మందుల్ని ఓ విదేశీ ముఠా కార్పొరేట్ ఆసుపత్రికి మళ్లించి, పేదల వార్డుకి ఉప్పునీళ్లు పంపుతోంది. ముఠా నాయకుణ్ణి చూసింది మీ బావ ఒక్కడే.”

“బావ ఎక్కడ?”

“ఆ కార్పొరేట్ ఆసుపత్రిలోనే. చైర్మన్‌గారు దయతలచి ఉచితంగా చేర్చుకున్నారు. టీవీలో చూళ్లేదా? ఇప్పుడు కదిలిస్తే ప్రాణం పోతుంది.”

పిల్లికి ఒళ్లు మండింది. మేకల మందకి తోడేలు కాపలా అంటే ఇదే!

“మెదడు వాపుకి మానిటాల్ అనే మందు ఎక్కిస్తారు,” అన్నాడు చీఫ్. “నకిలీది ఎక్కించి చంపినా సహజ మరణమే అంటారు. సీసా, సీలు అచ్చుగుద్దినట్టు ఒకటే. అసలుది మాత్రం చలికి పంచదార పలుకుల్లా గడ్డకడుతుంది, వెచ్చబెడితే కరుగుతుంది. ఉప్పునీళ్లకి ఆ గుణం లేదు. అక్కడ పీఆర్ డైరెక్టర్ మన మనిషే. కోడ్‌నేమ్ నెమలి.”

“అయితే నేను ఏసీ మెకానిక్‌ని,” అన్నాడు పిల్లి.

పెట్టుడు మీసం, టూల్ బాక్సు, చొక్కా బొత్తాంలో కెమెరా, మైకు. ఐసీయూ బయట వేడినీళ్ల ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని అక్క కూర్చుంది. మీసం చూసి కాదు, నడక చూసి తమ్ముణ్ణి పోల్చుకుంది.

“మెకానిక్ బాబూ, లోపల మా ఆయన చల్లబడిపోతున్నాడు. నీ చేతుల్లోనే ఉంది నాయనా.”

పిల్లి టూల్ బాక్సు ఎత్తుకున్నాడు. “చూస్తానమ్మా,” అని మాత్రం అన్నాడు.

మందుల స్టోర్ దగ్గర పట్టుచీరా, ఘుమఘుమలాడే సెంటూ ఎదురయ్యాయి.

“కంప్రెసర్ పాతదా?” అంది నెమలి.

“కాదు, గాలే పాతది.”

కోడ్ కలిసింది. ఆమె నవ్వి తాళం తీసింది. పిల్లి ఏసీ చలిని పూర్తిగా పెంచేసి, విప్పిన పనిముట్లు ముందేసుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి స్టోర్‌లో పళ్లు టకటకలాడుతున్నాయి.

“ప్రెషర్ పెరుగుతోంది! మానిటాల్ తెండి!” ఐసీయూ లోపల్నుంచి డాక్టర్ కేక.

నర్సు పరుగెత్తుకొచ్చి బీరువా తెరిచింది. సీసాలన్నీ పలుకులు కట్టాయి, ఒక్కటి తప్ప.

“అవన్నీ పాడయ్యాయి సిస్టర్. ఇది చూడండి, అద్దంలా ఉంది,” అంది నెమలి.

మెరిసేదే మంచిదని నేర్పిన ఆసుపత్రి అది. నర్సు ఆ సీసానే పట్టుకుపోయింది. పిల్లి మిగతావాటిలో ఒకటి లాక్కుని వెనకాలే దూకాడు. ట్యూబులోకి దిగిన చుక్క బావ చేతిని చేరబోతుండగా ట్యూబు మడిచి పట్టుకున్నాడు.

నడుముకి పిస్టల్ తగిలింది.

“వదులు పిల్లీ. వాళ్లు నీ చీఫ్‌కన్నా ఎక్కువే ఇస్తారు,” గుసగుసలాడింది నెమలి.

“బొత్తాం వైపు చూసి మళ్లీ చెప్పు. చీఫ్ వింటున్నాడు.”

ఆమె చూపు బొత్తాం మీద పడింది. అంతే, తలుపు తోసుకొచ్చిన అక్క ఫ్లాస్కెత్తి ఆమె మణికట్టు మీద ఠపీమని వేసింది. పిస్టల్ మంచం కిందికి జారింది.

“అక్కా, ఆ నీళ్లిటు! సిస్టర్, గడ్డకట్టిందే అసలుది, కరిగించండి!”

పలుకులు కరిగాయి. అసలు మందు బావ రక్తంలోకి దిగింది. తెల్లారేసరికి ఆయన కళ్లు తెరిచి, చైర్మన్ పక్కన తిరిగే విదేశీ కన్సల్టెంట్ పేరు చెప్పాడు. వాణ్ణి విమానం మెట్ల మీదే పట్టుకున్నారు. కానీ పేదల వార్డులో ఉప్పునీళ్లకి బలైపోయినవాళ్లెందరో ఎవరికీ తెలియదు. అది తలుచుకుంటే పిల్లికి అన్నం సహించలేదు.

బేడీలు చూడగానే చైర్మన్ గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆయన ఆసుపత్రికి అప్పటికే సీలు పడింది. అంబులెన్సు ప్రభుత్వాసుపత్రి వైపు తిరగ్గానే ఆయన ముఖం పాలిపోయింది.

“వద్దు బాబూ! అక్కడి మందులు నాకొద్దు!”

పక్కనే కూర్చున్న పిల్లి దుప్పటి సర్దాడు.

“భయమెందుకు సార్? అన్నీ మీరు పంపినవేగా.”